పడవ నీళ్లలో ఉన్నట్టు లేదు, నీళ్ల మీద అతికించినట్టు ఉంది

నీలి పెన్సిల్
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పిల్లల కథ ఒకదానికి బొమ్మలు వేస్తున్నాను. ఒక్క పుట దగ్గర పది రోజులుగా ఆగిపోయాను. ఆ బొమ్మ జతచేశాను.

కథలో ఒక చిన్నపిల్ల అమ్మమ్మ పెట్టెలో దొరికిన పాత ఉత్తరాన్ని పడవగా మడిచి నీళ్లలో వదులుతుంది. ఆ పడవ పెద్దదై, పిల్లను ఎక్కించుకుని సముద్రం మీదికి వెళుతుంది. సముద్రం నేను తీసిన ఫొటో. పిల్లను పెన్సిల్‌తో గీసి, స్కాన్ చేసి, రంగులు కంప్యూటర్‌లో వేశాను. పడవ కోసం మా తాతయ్య అమ్మమ్మకు రాసిన అసలు ఉత్తరాన్నే స్కాన్ చేసి, తెర మీద పడవ ఆకారంలో కత్తిరించాను. పైన ఎగిరే పక్షి ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో.

విడిగా చూస్తే ప్రతి ముక్కా బాగుంది. కలిపితే మాత్రం పడవ నీళ్లలో తేలడం లేదు. అంచులు మెత్తబరిచాను, నీడ పెట్టాను, రంగులు ఒకదానికొకటి దగ్గర చేశాను. ఎంత కలిపితే అంత మురికిగా తయారవుతోంది. సంపాదకురాలు కూడా మర్యాదగా అదే మాట చెప్పారు.

నా ప్రశ్న ఒక్కటే. ఫొటో, కొలాజ్ (ముక్కలు కత్తిరించి అతికించి చేసే బొమ్మ), గీత కలిపి పనిచేసేటప్పుడు అతుకు కనబడకుండా చేయడమే లక్ష్యమా? లేక కనబడనివ్వాలా? ఇలాంటి పని చేసే చిత్రకారులు దీన్ని ఎలా చూస్తున్నారు?


పొరల లోకం
సోమవారం, రాత్రి 9:50

బొమ్మ చూశాను. మీ సముద్రంలో వెలుతురు ఎడమ పక్క నుంచి, బాగా కిందినుంచి వస్తోంది. సాయంత్రం తీసి ఉంటారు. ఉత్తరాన్నేమో స్కానర్ మీద బోర్లా పెట్టారు. స్కానర్ వెలుతురు కాగితం మీద అంతటా సమానంగా పరుచుకుంటుంది. మడతకు నీడ లేదు, పడవ పక్కలకు తేడా లేదు. మీరు తర్వాత పెట్టిన నీడ పడవది కాదు, కత్తిరించిన ఆకారానిది. అందుకే కన్ను నమ్మడం లేదు.

స్వీడన్‌కు చెందిన ఎరిక్ యోహాన్సన్ ఫొటోలు కలిపి అసాధ్యమైన దృశ్యాలు సృష్టిస్తారు. 2011లో ఇచ్చిన ఒక ప్రసంగంలో ఆయన తన పద్ధతి చెప్పారు: కలపబోయే ఫొటోలన్నీ ఒకే దృక్కోణంలో, ఒకే రకం వెలుతురులో ఉండాలి, ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలైందో తెలియకూడదు. ఈ మొదటి రెండూ కెమెరా దగ్గరే కుదరాలి. ఫొటోషాప్‌లో కుదుర్చుదామనుకుంటే మీకు జరిగినట్టే మురికి మిగులుతుంది.


కత్తెర చప్పుడు
సోమవారం, రాత్రి 10:31

నేను కొంత విభేదిస్తాను. అతుకు దాచాలని ఎవరు చెప్పారు? కొలాజ్ బలమే అతుకు.

నీలి పెన్సిల్ గారూ, మీ పడవ అంచును పెద్దది చేసి చూడండి. ఆ అంచుకు మందమే లేదు. కాగితం అలా ఉండదు. అచ్చయిన కాగితాన్ని మీ వైపు లాగుతూ చింపితే చేతిలోకి వచ్చిన ముక్కకు తెల్లటి అంచు మిగులుతుంది. అవతలికి చింపితే ఆ తెలుపు రెండో ముక్కకు పోతుంది. ఆ తెలుపులో సన్నటి పీచు కనిపిస్తుంది. దాన్ని చూడగానే ఇది కాగితమని, దీన్ని ఎవరో చేత్తో పట్టుకున్నారని తెలిసిపోతుంది. మీరు అంచు మెత్తబరిచిన క్షణంలోనే ఆ ఉత్తరం ఉత్తరం కాకుండా పోయింది.

నేను ఇప్పటికీ ముందు బల్ల మీద కత్తిరిస్తాను, తర్వాతే స్కాన్ చేస్తాను. కంప్యూటర్‌లో అమరిక మాత్రమే మారుస్తాను.


పాత పుటలు
మంగళవారం, ఉదయం 7:05

మీ ఇద్దరి వాదన కంప్యూటర్ కంటే చాలా పాతది. 1857లో ఫొటోగ్రాఫర్ ఆస్కార్ రేలాండర్ 30కి పైగా నెగటివ్‌లను కలిపి ఒకే పెద్ద దృశ్యంగా ముద్రించారు. అంత శ్రమా అతుకు కనబడకూడదనే. 1919లో బెర్లిన్‌లో చిత్రకారిణి హన్నా హోఖ్ పత్రికల్లోని ఫొటోలను కత్తిరించి, తలకాయలు ఒకరివి, ఒళ్లు ఇంకొకరివి, మధ్యలో యంత్రాల చక్రాలు పెట్టి అతికించారు. అక్కడ ప్రతి అతుకూ కనబడాలి. ఆ కాలపు రాజకీయాల మీద ఆమె అభిప్రాయం ఆ అతుకుల్లోనే ఉంది. ఆమె ఒక పెద్ద పత్రికా ప్రచురణ సంస్థలో కుట్టుపని, అల్లిక నమూనాలు గీసే ఉద్యోగం చేసేవారు. ఏ పత్రికల కోసం పనిచేశారో ఆ పత్రికలనే కత్తిరించారు.

కాబట్టి రెండూ సరైన దారులే. మీ కథకు ఏది కావాలన్నదే ప్రశ్న.


కొత్త కుంచె
మంగళవారం, ఉదయం 8:40

నేను చిత్రకళ రెండో సంవత్సరం విద్యార్థిని. ఒక సందేహం. ఫొటో తీసుకుని, కాగితం కత్తిరించి, కంప్యూటర్‌లో కలిపితే దాన్ని బొమ్మ వేయడం అనవచ్చా? మా తరగతిలో దీని మీద గట్టి గొడవే జరిగింది. గీయడం రానివాళ్లే ఇలా చేస్తారని ఒకరు అన్నారు. నాకు బాధ కలిగింది గానీ, జవాబు దొరకలేదు.


పాత పుటలు
మంగళవారం, ఉదయం 9:22

కొత్త కుంచె గారూ, జవాబుగా ఒక పేరు చెబుతాను. డేవ్ మెకీన్. గీతలో అసాధారణమైన చేయి ఆయనది. 1989 నుంచి 1996 వరకు ‘శాండ్‌మ్యాన్’ కామిక్ 75 సంచికలకూ ముఖచిత్రాలు ఆయనవే. మొదటి సంచిక ముఖచిత్రంలో మధ్యన ముఖం రంగులతో వేసింది, దాని చుట్టూ నిజమైన అరలు, ఆ అరల్లో నిజమైన వస్తువులు. అదంతా అమర్చి ఫొటో తీశారు. ఫొటోషాప్ మొదటి రూపం వచ్చింది 1990లో, అందులో పొరలు (బొమ్మ ముక్కలను ఒకదాని మీద ఒకటి విడివిడిగా ఉంచే సౌకర్యం) వచ్చింది 1994లో. అంటే ఈ ముఖచిత్రం నాటికి ఆయన పొరలు చెక్కతో, జిగురుతో, దీపాలతో కట్టినవి. తర్వాత కంప్యూటర్ వచ్చాక దాన్ని కూడా తన పనిలో కలుపుకున్నారు.

గీయడం రాక ఆయన అరలు కట్టలేదు. గీసిన వస్తువు ఒకటి చెబుతుంది, నిజమైన వస్తువు ఇంకొకటి చెబుతుంది. ఆయనకు రెండూ కావలసి వచ్చాయి.


మసక వెలుతురు
మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను ఫొటోగ్రాఫర్‌ని. బొమ్మలు వేసేవాళ్లతో కలిసి చాలాసార్లు పనిచేశాను. పై మాటకు ఒకటి జోడిస్తాను, ఎందుకంటే ఈ చర్చలో అసలు విషయం అక్కడే ఉందని నా నమ్మకం.

అతుకు గురించి ఆలోచించే ముందు, ఏది ఫొటోగా ఉండాలి, ఏది గీతగా ఉండాలి అని నిర్ణయించుకోవాలి. మో విలెమ్స్ 2004లో చేసిన పిల్లల బొమ్మల పుస్తకం ‘నఫుల్ బనీ’ తీసుకోండి. బ్రూక్లిన్ వీధులు, లాండ్రీ అన్నీ రంగు లేని ఫొటోలు. మనుషులు, పోగొట్టుకున్న ఆ బొమ్మ కుందేలు మాత్రం రంగుల గీతలు. అతుకును దాచే ప్రయత్నమే లేదు. అయినా ఏ పిల్లా “ఇది అతికించారు” అని ఆగదు. ఎందుకంటే అక్కడ ఒక నియమం ఉంది: ఊరు ఫొటో, మనుషులు గీత. మొదటి పుటలో ఆ నియమం తెలిసిపోతుంది, చివరిదాకా మారదు. ఫొటోల్లోంచి చెత్తడబ్బాలు, ఏసీ యంత్రాల లాంటివి కూడా తీసేశారు. ఫొటోను కూడా ఆయన ఒక విధంగా గీశారన్నమాట.

మీ పుటలో నీళ్లు ఫొటో, పిల్ల గీత, పడవ స్కాన్, పక్షి ఇంకొకరి ఫొటో. నాలుగు రకాల చూపులు. ఏ నియమం ప్రకారం? కథలో ఏది నిజంగా జరుగుతోంది, ఏది పిల్ల ఊహ? ఆ రెండింటి మధ్య హద్దు ఎక్కడుందో అక్కడే మీ ఫొటోకు, పెన్సిల్‌కు మధ్య సరిహద్దు ఉండాలని నాకనిపిస్తోంది.


నీలి పెన్సిల్
మంగళవారం, రాత్రి 8:03

మసక వెలుతురు గారూ, మీ ప్రశ్నతో మధ్యాహ్నం నుంచి కూర్చున్నాను.

కథలో నిజమైనది ఉత్తరం ఒక్కటే. సముద్రం పిల్ల ఊహ. పక్షి కూడా ఊహే. నేను సరిగ్గా తలకిందులు చేశాను. ఊహించిన సముద్రాన్ని ఫొటోగా పెట్టి, నిజమైన ఉత్తరాన్ని తెర మీద కత్తిరించిన పల్చటి ఆకారంగా మార్చేశాను.


కత్తెర చప్పుడు
మంగళవారం, రాత్రి 8:20

అయితే సముద్రాన్ని గీయండి. పడవ ఫొటోగా ఉండనివ్వండి.


పొరల లోకం
మంగళవారం, రాత్రి 9:10

అంతే. కానీ స్కాన్‌గా కాదు. నిజంగా మడిచి, నిజమైన పడవను ఫొటో తీయండి.

స్కానర్ పనికిరాదని నా ఉద్దేశం కాదు. చిత్రకారిణి మ్యాగీ టేలర్ ప్రపంచం అంతా ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీదే పుట్టింది. పాత లోహపు పలకల మీది ఫొటోలు, చిన్న చిన్న వస్తువులు స్కానర్ అద్దం మీద పెట్టి, ఫొటోషాప్‌లో వాటికి కొత్త ఆకాశాలు, కొత్త ఒళ్లు ఇస్తారు. ‘ఆలిస్’ కథకు ఆమె చేసిన బొమ్మల పుస్తకం 2008లో వచ్చింది. స్కానర్ మీద పెట్టిన వస్తువుకు అద్దానికి తాకిన భాగం పదునుగా, వెనక్కి పోయేకొద్దీ మసకగా వస్తుంది. ఆ చిత్రమైన నిశ్శబ్దం ఆమె కథలకు సరిపోయింది. మీ పడవ నీళ్ల మీద కదలాలి. దానికి దిక్కున్న వెలుతురు కావాలి.

టేలర్ గురించి రాస్తుంటే ఫొటోగ్రాఫర్ జెర్రీ యూల్స్‌మన్ గుర్తొచ్చారు. ఆయన ఇదే రకమైన పనిని డార్క్‌రూమ్‌లో చేశారు. వరుసగా పెట్టిన ఎన్‌లార్జర్లలో (నెగటివ్ బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడేలా చేసే యంత్రాలు) ఒక్కోదాంట్లో ఒక్కో నెగటివ్ పెట్టి, ఒకే కాగితాన్ని ఒకదాని కింది నుంచి ఇంకొకదాని కిందికి జరుపుతూ ముద్రించేవారు. గాలిలో తేలే చెట్టు, వేళ్లతో సహా. పొరల మీద పనిచేసే ప్రతివారూ ఒకసారి ఆ బొమ్మల ముందు కూర్చోవాలి.


అచ్చు సిరా
బుధవారం, ఉదయం 6:48

ఇరవై ఏళ్లు అచ్చు పనిలో ఉన్నాను. అచ్చుకు పోయేముందు గుర్తుంచుకోవలసినవి చెబుతాను.

కొలతలు ముందే చూసుకోండి. పుస్తకంలో అచ్చయ్యే పరిమాణంలో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలి. రెండు అంగుళాల కాగితం ముక్కను ఎనిమిది అంగుళాలకు పెంచదలిస్తే 1200 దగ్గర స్కాన్ చేయాలి. తర్వాత పెంచితే పీచు కనబడదు, మసకే కనబడుతుంది. కత్తెర చప్పుడు గారు చెప్పిన ఆ తెల్ల అంచు మొదట చచ్చిపోయేది ఇక్కడే.

పాత పత్రికల ముక్కలు వాడేవాళ్లకు ఇంకో చిక్కు. అచ్చయిన ఫొటో నిండా సన్నటి చుక్కలు ఉంటాయి. దాన్ని స్కాన్ చేసి మళ్లీ అచ్చువేస్తే పాత చుక్కలు, కొత్త చుక్కలు ఒకదాన్నొకటి ఢీకొని పట్టుబట్ట మీద కదిలే గళ్ల లాంటి నమూనా వస్తుంది. ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి, కొద్దిగా మసకబార్చి, తర్వాత తగ్గించాలి. లేదా ముక్కను చాలా పెద్దది చేసి చుక్కలనే బొమ్మలో భాగం చేయాలి. మధ్యస్థంగా వదిలితే మాత్రం పుట పాడవుతుంది.

తెర మీద మెరిసే నీలం అచ్చులో ఉండదు. సముద్రం గీస్తున్నారు కాబట్టి ముందే చెబుతున్నాను. అచ్చు నమూనా చూడకుండా ఆ నీలాన్ని నమ్మకండి. ఒకసారి నేను నమ్మాను. పుస్తకం మొత్తం బూడిద రంగు ఆకాశంతో వచ్చింది, రచయిత ముఖం చూడలేకపోయాను.


సాక్షి సంతకం
బుధవారం, ఉదయం 10:30

అందరూ అందం గురించి మాట్లాడుతున్నారు. పక్షి గురించి ఎవరూ అడగలేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో అన్నారు. ఎవరిది?

దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మార్చాను కదా, గీత కలిపాను కదా అనుకుంటే సరిపోదు. 2008లో షెపర్డ్ ఫెయిరీ వేసిన ఒబామా ‘హోప్’ పోస్టర్‌కు ఆధారం ఒక వార్తా సంస్థ ఫొటో. ఆ వ్యవహారం కోర్టుకు పోయి 2011లో రాజీతో ముగిసింది. చిత్రకారుడు ఆండీ వార్హోల్, గాయకుడు ప్రిన్స్ బొమ్మలు చేసింది లిన్ గోల్డ్‌స్మిత్ తీసిన ఫొటో ఆధారంగా. 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఆ బొమ్మల్లో ఒకదాన్ని పత్రికకు ఇచ్చిన విషయంలో 7–2 తేడాతో ఫొటోగ్రాఫర్ పక్షాన తీర్పు చెప్పింది. అంత పేరున్నవారి విషయంలోనే అలా జరిగింది. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది గానీ, ఫొటో తీసిన మనిషి ఒకరున్నారన్న నిజం ఎక్కడా మారదు.

నిజానికి ఇప్పుడు దొంగతనం చేయవలసిన అవసరమే లేదు. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000 చిత్రాలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని విడుదల చేసింది. అమెరికాలోని మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ 2020లో 28 లక్షలతో మొదలుపెట్టింది. బ్రిటిష్ లైబ్రరీ 2013లో పాత పుస్తకాల్లోని 10 లక్షల బొమ్మలను ఇంటర్నెట్‌లో పెట్టింది. వాటిలో చెక్కడపు ముద్రలుగా వేసిన పక్షులు ఎన్నో ఉన్నాయి.

ఇంకొకటి. ఉత్తరం. చాలా దేశాల చట్టాల్లో ఉత్తరం కాగితం అందుకున్నవారిదే గానీ, అందులోని మాటల మీద హక్కు రాసినవారిది, వారి తర్వాత వారసులది. మీ ఇంట్లోవాళ్లను అడిగారా?


నీలి పెన్సిల్
బుధవారం, మధ్యాహ్నం 2:44

అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు. మా తాతయ్య ఉత్తరం కాబట్టి నాదే అనుకున్నాను. ఈ రాత్రే ఫోను చేస్తాను. పక్షిని తీసేశాను.


కొత్త కుంచె
బుధవారం, సాయంత్రం 5:19

అంత శ్రమ ఎందుకు, పాత ఉత్తరంలా ఉండే కాగితాన్ని కృత్రిమ మేధతో తయారు చేయించవచ్చు కదా? హక్కుల చిక్కు కూడా తగ్గుతుందేమో. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.


మసక వెలుతురు
బుధవారం, సాయంత్రం 6:02

పాత ఉత్తరంలా ఉండే కాగితం వస్తుంది. ఆవిడ తాతయ్య చేతిరాత రాదు. ఈ పుటలో నిజమైనది ఆ చేతిరాత ఒక్కటే అని ఆవిడే తేల్చుకున్నారు. దాన్నే మార్చేస్తే ఫొటో పెట్టడానికి కారణమే ఉండదు.

షాన్ టాన్ 2000లో చేసిన బొమ్మల పుస్తకం ‘ది లాస్ట్ థింగ్’ చూడండి. పుటల అంచుల చుట్టూ తన తండ్రి పాత భౌతికశాస్త్ర, ఇంజనీరింగ్ పుస్తకాల ముక్కలు అతికించారు. లెక్కలూ పటాలూ నిండిన ఏ కాగితమైనా కంటికి అలాగే ఉండేది. ఆయన మాత్రం ఇంట్లో ఉన్న ఆ పుస్తకాలే వాడారు. నైజీరియాలో పుట్టిన చిత్రకారిణి న్జిడెకా అకున్యిలి క్రాస్బీ కూడా కుటుంబ ఫొటోలను, నైజీరియా పత్రికల్లోని ఫొటోలను అసిటోన్ అనే ద్రావకంతో కాగితం మీదికి దించి, వాటి చుట్టూ, వాటి మీదుగా రంగులు వేస్తారు. దూరం నుంచి గోడ మీది డిజైన్‌లా ఉంటుంది. దగ్గరికి వెళితే పెళ్లిళ్లు, ముఖాలు, వీధులు కనిపిస్తాయి.


కత్తెర చప్పుడు
బుధవారం, రాత్రి 9:37

నీలి పెన్సిల్ గారూ, లారెన్ చైల్డ్ 2005లో ‘రాకుమారి, బఠానీ గింజ’ కథకు చేసిన పని తప్పక చూడండి. మనుషులను గీసి, కత్తిరించి, చిన్న బొమ్మరిల్లు లాంటి గదులు కట్టి అందులో నిలబెట్టారు. ఫొటోగ్రాఫర్ పాలీ బోర్లాండ్ వాటిని ఫొటో తీశారు. ఆ కాగితపు మనుషుల నీడలు నిజంగా గోడ మీద పడ్డాయి. కంప్యూటర్‌లో పెట్టిన నీడకు, ఈ నీడకు ఉన్న తేడా పిల్లలు కూడా పట్టేస్తారు.

మీరు కూడా పడవను నీళ్లలోనే పెట్టండి. బల్ల మీద కాదు. మీ మొదటి బొమ్మలో నన్ను ఇబ్బంది పెట్టింది ఇప్పుడు తెలిసింది. కాగితం పడవ నీళ్లలో ఉంటే తడి పైకి పాకుతుంది. అడుగున ముదురు రంగు గీత ఒకటి ఏర్పడి, నెమ్మదిగా ఎక్కుతుంది. మీ పడవ పొడిగా ఉంది. అందుకే అది నీళ్లలో లేదు.


అచ్చు సిరా
గురువారం, ఉదయం 6:30

అసలు ఉత్తరాన్ని తడపకండి! స్కాన్‌ను మామూలు కాగితం మీద రంగుల్లో ముద్రించుకోండి. లేజర్ ప్రింటర్ పొడి కరిగి కాగితానికి అంటుకునే ప్లాస్టిక్ లాంటిది, నీళ్లకు చెదరదు. ఇంక్‌జెట్ రంగు సిరా సాధారణంగా కరుగుతుంది. అక్షరాలు నిలవాలంటే మొదటిది, కరగాలంటే రెండోది.


నీలి పెన్సిల్
ఆదివారం, రాత్రి 7:55

ఆలస్యానికి క్షమించండి. జరిగింది చెబుతాను.

అమ్మను, ఇద్దరు పిన్నులను అడిగాను. అమ్మ, పెద్ద పిన్ని వెంటనే ఒప్పుకున్నారు. చిన్న పిన్ని ఉత్తరం ఫొటో పంపమని, చదివి, గంట తర్వాత ఫోను చేసింది. మూడో పేరా ఎవరికీ కనబడకూడదని అంది. నాకు అప్పటిదాకా అది ఒక ఆకృతి, ఒక రంగు. ఆ పేరాను నేను సరిగ్గా చదవనే లేదు. చదివాక ఆమె ఎందుకు అడిగిందో అర్థమైంది. పడవను అటూ ఇటూ తిప్పి నాలుగు రకాలుగా మడిచి చూశాను. ఐదోసారి మూడో పేరా పూర్తిగా మడత లోపలికి పోయింది. ఇప్పుడు అది పడవలోనే ఉంది, ఎవరికీ కనబడదు.

రెండు ప్రతులు తీశాను, ఒకటి లేజర్, ఒకటి ఇంక్‌జెట్. తొట్టిలో నీళ్లు పోసి కిటికీ దగ్గర పెట్టి, సాయంత్రం ఎండ ఎడమ నుంచి పడేటట్టు చూసుకుని, కెమెరాను నీటి మట్టం దాకా దించాను. లేజర్ పడవ బాగా తేలింది. ఫొటోలు శుభ్రంగా వచ్చాయి. కానీ ఇంక్‌జెట్ పడవ దగ్గర నేను కెమెరా దించలేకపోయాను. కత్తెర చప్పుడు గారు చెప్పిన తడి గీత మొదట అడుగున కనిపించింది. రెండు నిమిషాల్లో మొదటి వరుస అక్షరాలను తాకింది. తాతయ్య సిరా రంగు అంచుల దగ్గర గులాబీగా, నీలంగా విడిపోయి, సన్నటి పోగుల్లా నీళ్లలోకి దిగింది. ఏడో నిమిషంలో పడవ ఒక పక్కకు ఒరిగింది.

ఆ ఒరిగిన ఫొటోనే తీసుకున్నాను. నీళ్లలోకి దిగిన ఆ పోగులు ఎక్కడ ఆగాయో అక్కడి నుంచి పెన్సిల్ పట్టుకుని ముందుకు లాగాను. అవే అలలయ్యాయి. సముద్రం మొత్తం అక్షరాల్లోంచి బయటికి వచ్చిన గీతలే. పక్షిని కూడా ఆ గీతతోనే వేశాను. అంచులు ఎక్కడా మెత్తబరచలేదు. ఫొటో ఎక్కడ ఆగి గీత ఎక్కడ మొదలైందో దగ్గరగా చూస్తే స్పష్టంగా తెలుస్తుంది, తెలియాలనే వదిలేశాను.

సంపాదకురాలికి పంపాను. పడవ గురించి ఆమె ఏమీ అనలేదు. నీలం అచ్చులో ఎలా వస్తుందని మాత్రం అడిగారు. అచ్చు నమూనా తెప్పిస్తున్నాను, అచ్చు సిరా గారూ.


పొరల లోకం
ఆదివారం, రాత్రి 8:26

పెద్ద పరిమాణంలో చూశాను. సిరా పోగు గీతగా మారే చోట చాలాసేపు ఆగాను. ఒక్క మాట: పిల్ల చేయి పడవ అంచు మీద ఉంది గానీ, పట్టుకున్నట్టు లేదు.


నీలి పెన్సిల్
ఆదివారం, రాత్రి 8:41

అవును, అదే మిగిలింది. వేళ్లు ఆనిన చోట కాగితం కొద్దిగా నలగాలి. ఇంకో ప్రతి ముద్రించాను. రేపు సాయంత్రం అదే వెలుతురులో, మా అమ్మాయి చేత పట్టించి ఫొటో తీస్తాను. నలిగిన మడత ఫొటోలోంచి తీసుకుని, వేళ్లు మాత్రం గీస్తాను.